ఊటకు కాపలా కూర్చున్న కోతి

“నా కథ నువ్వే చదవాల బావా. నీ గొంతయితే అందరికీ వినపడతాది,” అంటూ కామమ్మ నాలుగు కాగితాలు అంకారావు చేతిలో పెట్టింది.

అంకారావుకు ఇంకేం కావాలి? ఆమె ఒక్క మాట మాట్లాడితే చాలని ఆర్నెల్లుగా ఎదురుచూస్తున్నాడు.

అది 1951. ఆత్మకూరు నేతగాళ్ల బతుకంతా సర్కారు సంఘం ద్వారా ఇచ్చే నూలు కోటా మీదే. ఆ నూలును దొంగచాటుగా అమ్ముకుంటున్న పాత ప్రెసిడెంటును, కుర్రవాళ్లను వెంటేసుకుని దించింది అంకారావే. ఇప్పుడు నేత సంఘానికి అతనే సెక్రటరీ, నూలు పంచేదీ అతనే. కామమ్మ ముసలి నేతగాడు మునెయ్య కూతురు, బడిలో పంతులమ్మ. అంకారావుకు మరదలి వరస.

ఆదివారం సాయంత్రం కథ వినడానికి లైబ్రరీలో మునెయ్యతో సహా నలభై మంది చేరారు. అంకారావు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

ఉదయగిరి కొండమీద ఒక ఊట. దాన్ని ఎలుగుబంటి ఆక్రమించుకుంది. కోతులన్నీ ఏకమై దాన్ని తరిమేశాయి.

“మన పాత ప్రెసిడెంటే!” అని అంకారావు పకపకా నవ్వాడు. అందరూ నవ్వారు. ముందు నడిచిన కోతి గురించి చదివేటప్పుడు అతని ఛాతీ పొంగింది. కామమ్మ వైపు ఓరగా చూశాడు. ఆమె తల వంచుకుంది. సిగ్గనుకున్నాడు.

ఆ కోతి ఊటకు కాపలా కూర్చుంది. మొదట్లో అందరి తర్వాత తాగేది. పోనుపోను అందరికంటే ముందు తాగింది. తర్వాత తనవాళ్లకే పోసి, మిగిలినవాళ్లను ఎండలో నిలబెట్టింది. దాహమని వచ్చిన ముసలి కోతితో ఇలా అంది:

“రూలు రూలే మామా. రేపు రా. నేను చేసేదంతా సంఘం కోసమే కదా...”

అంకారావు చదవడం ఆపేశాడు. అవి తన మాటలే. మొన్న మంగళవారం నూలు కోసం వచ్చి ఎండలో నిలబడిన మునెయ్యతో అన్నవి. తమ్ముడికి రెండు కట్టల నూలు ఎక్కువిచ్చింది కూడా ఆ రోజే.

ఎవరూ నవ్వలేదు. కాగితాలు బల్లమీద పెట్టి బయటికి నడిచాడు. సన్నగా వాన పడుతోంది. వెనకే కామమ్మ వచ్చింది.

“నా మొగం మీదనే చెప్పకూడదా?”

“సంఘం ఆఫీసుకు మూడుసార్లు వచ్చినాను. సెక్రటరీ బిజీగా ఉండాడని బయటనే కూర్చోబెట్టినారు.”

“నేనెప్పుడు అట్టయిపోయినాను కామమ్మా?”

“నాకేం తెలుసు? పాతాయన్ని దించిన రోజు నిన్ను చూసి... ఇష్టపడినాను. అందుకే ఇది రాస్తాంటే ఏడుపొచ్చింది.”

అతను లోపలికి వెళ్లాడు. “ఆ కోతిని నేనే. మా తమ్ముడికి ఎక్కువిచ్చిన నూలు తెచ్చిస్తాను. సెక్రటరీగా ఇంకెవరినైనా పెట్టుకోండి,” అన్నాడు. మునెయ్య దగ్గరికొచ్చి తలెత్తలేకపోయాడు. “నిన్ను ఎండలో నిలబెట్టినాను మామా.”

“నిలబెట్టినావు. రెండు రోజులు కాళ్లు నొప్పులు,” అన్నాడు మునెయ్య. 

నెల గడిచింది. అంకారావు మగ్గం వదిలి వీధిలోకి రాలేదు. ఒక పొద్దున మునెయ్యే గుమ్మంలోకి వచ్చాడు.

“పెళ్లి మాటెత్తితే మా కామమ్మ నీ పేరే చెప్తాండాది. ఇంటికి రా, మాట్లాడుకుందాం.”

“ఏ మొగం పెట్టుకుని వచ్చేది మామా?”

“ఈ మొగంతోనే రా. అది వేరే మొగం అడగలా.”