ఎడమవైపు అక్క, కుడివైపు చెల్లి

ఆఫీసులో అందరూ ఆమెను పోస్టమ్మ అంటారు. వెయ్యిమంది మెయిళ్లు చేరవేసే సర్వరు ఆమె చేతిలోనే ఉంది మరి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ గదిలో ఏసీ చలి, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, ఫ్యాన్ల రొద తప్ప మనిషి అలికిడి ఉండదు.

సర్వరుకు ఆమె రాసిపెట్టే రూళ్లు చాలా తేలిక. ఎడమవైపు ఒక అడ్రసు, కుడివైపు ఇంకో అడ్రసు. వచ్చిన మెయిలు మీద ఎడమవైపుది కనబడితే సర్వరు దాన్ని చెరిపేసి కుడివైపుది రాస్తుంది. పంపినవాళ్లకు ఆ సంగతే తెలియదు.

అక్కదీ ఇదే ఆఫీసు. ఎనిమిది నెలల కిందట బదిలీ మీద వెళ్తూ దారిలో లారీ గుద్ది చనిపోయింది. అప్పుడే గుండె ఆపరేషనై అమ్మ మంచంమీద ఉంది. చెప్పొద్దన్నాడు డాక్టరు. ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. అందుకని పోస్టమ్మ విడిగా ఒక ఫైల్లో రెండు రూళ్లు రాసుకుంది. అక్కకు అమ్మ రాసేవి తనకు రావాలి. అమ్మకు తను రాసేవి అక్క పేరుతో వెళ్లాలి. అక్క వెళ్లిన ఊళ్లో ఫోన్ అందదని అమ్మకు చెప్పింది. ఏడవనైనా లేదు. రోజూ అక్కలా నాలుగు ముక్కలు రాసి పనిలో పడిపోయేది.

మూడు రోజులుగా ఆమెకు ఎవరి మెయిలూ రాలేదు. పని తగ్గిందిలే అనుకుంది. అమ్మ మెయిలు కూడా లేకపోయేసరికి ఫోన్ చేసింది.

"ఒంట్లో బాగానే ఉందా అమ్మా?"

"నాకేమే, గుండ్రాయిలా ఉన్నా. అక్క ఈమధ్య కడుపునిండా రాస్తోంది తెలుసా? మొన్నటిదాకా కరెంటాఫీసు నోటీసుల్లా ఉండేవి దాని ఉత్తరాలు!"

పోస్టమ్మ ఫోన్ పెట్టేసి ఆ ఫైలు తెరిచింది. మొదటి రూల్లో ఎడమవైపు తన అడ్రసు. కుడివైపు అక్కది.

తిరగబడ్డాయి. తనకొచ్చేవన్నీ అక్కకు పోతున్నాయి.

మార్చినవాళ్ల పేరు దగ్గర తన పేరే ఉంది. తనే మార్చి మర్చిపోయిందా? ఈమధ్య పొయ్యి కట్టేసిందో లేదో కూడా గుర్తుండటం లేదు. అక్క మెయిల్‌బాక్సు మాత్రం తను చేతులారా తీసేసింది... తీసేసిందా?

భయం వేయాలి. వేయలేదు. దంతాల డాక్టరు సూది వేశాక పెదవిలా ఉంది ఒళ్లంతా.

రెండు రూళ్లూ తుడిచేసింది, మళ్లీ సరిగ్గా రాద్దామని. ఫైలు ఖాళీ. ముందు తన అడ్రసు పనిచేస్తోందో లేదో చూద్దామని, తనకు తనే ఒక్క మాట పంపుకుంది: "అందిందా?"

రాలేదు.

ఫోన్ మోగింది. అమ్మ. గుసగుసగా...

"నువ్వు... ఎవరు?"

"అదేంటమ్మా, నేను. నీ చిన్నదాన్ని."

"చిన్నది పోయిందటగా... ఎనిమిది నెలలైందట. నా గుండె తట్టుకోదని దాచారట. అక్క ఇప్పుడే రాసింది."

"అమ్మా, అది కాదు..."

"దాని గొంతుతో మాట్లాడకు తల్లీ... నీకు దణ్ణం పెడతా..."

లైను తెగిపోయింది.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆమె మరోసారి ఇన్‌బాక్సు చూసింది. ఏమీ లేదు. రూళ్లు మళ్లీ రాయాలి కదా అని ఆ ఖాళీ ఫైలు తెరిచింది.

ఖాళీగా లేదు. ఒక్క వరుస ఉంది. రూలు కాదు. ఎడమా కుడీ లేదు.

"అందింది. ఇక అమ్మకు ఫోన్ చెయ్యకు. భయపడుతోంది."