కిటికీ లేని పని గది

వీధి చివర బంగారు పూత పనివాళ్ల ఇంట్లో వెనక ఉన్న పని గది మంచిది కాదు. చలికాలం అందులో పడుకున్నవాడు తెల్లారి లేవడట. గాయం ఉండదు, పెనుగులాడిన జాడ ఉండదు... బుగ్గలు మాత్రం ఎర్రగా, ఎవరో ముద్దాడి వదిలినట్టు. దెయ్యం మనసుపడి తీసుకుపోయిందంటారు.

మొన్న ఆ ఇంటి పిల్లల బాబాయి అలాగే పోయాడు. అలా మనిషి పోతే ఊరు మారడం ఆ కుటుంబంలో ఆనవాయితీ. తండ్రి సామాను సర్దడం మొదలుపెట్టాడు.

పెద్దకూతురికి ఒళ్లు మండింది. ఇంట్లో ఆమెను లాయరమ్మ అంటారు. పాలవాడితో వాదించనిదే గిన్నె అందుకోదు. వెళ్లి నానమ్మ పక్కన చతికిలబడింది.

"తాతయ్య ఎక్కడ పోయాడు?"

"నది అవతలి ఊళ్లో. పని గదిలో."

"ఆయన నాన్న?"

"అంతకుముందు ఊళ్లో. అదీ పని గదే..." ముసలావిడ గొంతు తగ్గించింది. "అది మన వెనకాలే వస్తుంది తల్లీ."

"ప్రతిసారీ కొత్త ఇల్లే కదా. అడ్రసు ఎవరిస్తున్నారట దానికి?"

"నీ నోటికి భయమన్నది లేదే."

భయం ఉంది. కొత్త ఊళ్లో పని గదిలో పడుకోబోయేది ఇక నాన్నే. అందుకే ఆ రాత్రి బాబాయి పోయిన గదిలో పడుకోవడానికి తనే వెళ్లింది.

బాబాయి చేసినట్టే అన్నీ చేసింది. వెండికి బంగారు పూత పట్టించే కిటుకు బయటికి పొక్కకూడదని వాళ్లు ఏ ఇంట్లో దిగినా ముందు పని గది కిటికీ ఇటుకలతో మూసేస్తారు. తలుపు గడియపెట్టింది. చలిగాలి రాకుండా కింది సందులో గోనె కుక్కింది. బొగ్గుల కుంపటి రాజేసి పక్కనే పడుకుంది.

చాలాసేపు ఏమీ లేదు...

తర్వాత కణతలు ఎవరో నొక్కుతున్నారు. చెవుల్లో గుసగుస. గుండె మీద ఎవరో కూర్చున్నారు — బరువుగా, తీరిగ్గా. కాళ్లు తనవి కావు. నిద్ర... ఎంత హాయిగా ఉందో...

"నీతో తేల్చుకోనిదే నిద్రపోను," అని దెయ్యంతో అనబోయింది. నోరు పెగల్లేదు.

పాకింది. గడియ లాగి గడప మీద బోర్లా పడింది.

చల్లగాలి తగిలింది. గుండె మీది బరువు దిగిపోయింది. తల తిప్పి చూసింది — గదిలో ఎవరూ లేరు. పొగైనా లేకుండా, ఎర్రగా, బొగ్గులు.

గోడ అదిరిన చప్పుడుకి తండ్రి పరుగెత్తుకొచ్చాడు. కూతురు గడ్డపారతో మూసిన కిటికీ ఇటుకలు పొడుస్తోంది.

"ఏంటే ఈ పని?"

"దెయ్యం కాదు నాన్నా, బొగ్గుల విషగాలి. బయటికి పోయే దారి లేక మనవాళ్లని చంపింది. ఇన్ని ఊళ్లు మార్చాం, కిటికీ మూసే అలవాటు మాత్రం మార్చలేదు."

వెనకే వచ్చిన నానమ్మ గుసగుసగా అంది: "తాతల నాటి కిటుకే... కంత పడితే వీధంతా చూస్తుంది."

లాయరమ్మ వాదనకి నోరు తెరిచేలోపే —

"చూడనీ అమ్మా," అంటూ తండ్రి గడ్డపార అందుకున్నాడు.