కొత్త గొంగడి తడిసిన రోజు

మొదటి తూటా పూలకుండీని పగలగొట్టింది. రెండోది విజేందర్ మెడలోంచి దూసుకుపోయింది.

సైలెన్సర్ బిగించిన తుపాకి. ఎవరో పొడిదగ్గు దగ్గినట్టు వినిపించిందంతే. గులాబీ తోట అవతల సెల్ఫీలు దిగుతున్న వేరే టూరిస్టులకు ఏమీ తెలియలేదు. పరమేష్ మోటబావి గట్టు వెనక బోర్లా పడి, తోటమాలి వేషంలో ఉన్న విజేందర్‌ను కాలు పట్టుకుని తనవైపు లాగాడు. రెండు చేతులూ మెడ మీద పెట్టి అదిమినా వేళ్ల సందుల్లోంచి రక్తం ఉబుకుతూనే ఉంది.

"మాట్లాడకు. జర ఓపిక పట్టు."

విజేందర్ వినలేదు. ఏడేళ్లు కలిసి పనిచేసినా ఏనాడూ విన్నది లేదు.

"మనోడే," అన్నాడు. "మనోడే అన్నా... గొంగడి..."

ఆ తర్వాతి మాట రక్తంలో మునిగిపోయింది.

టైము పదకొండూ పది.

పరమేష్ తల ఎత్తాడు. జామతోటలో నల్ల గొంగడి నెత్తి మీంచి మోకాళ్ల దాకా కప్పుకున్న మనిషి పరుగెడుతున్నాడు. తెలివైన వేషమే. గొర్రెలు మేసే చోట గొంగడి కప్పుకున్నవాడిని ఎవరూ రెండోసారి చూడరు.

పరమేష్ వెంటపడ్డాడు. మూడో తూటా చెవి పక్క నుంచి పోయి జామకొమ్మను విరిచింది. చేతికర్రను బల్లెంలా విసిరాడు. అది గొంగడి వీపున తగిలింది. ఆ మనిషి తూలి, ఫౌంటెన్ హౌజులోకి దబ్బున పడ్డాడు. నిలువునా మునిగాడు. పరమేష్ హౌజు దగ్గరికి చేరేసరికి నీళ్ల మీద గొంగడి ఒక్కటే తేలుతోంది. అవతలి గట్టు నుంచి పాత దొరల గడి రాతి వసారాలోకి తడి అడుగులు. మే నెల ఎండకు అవి చూస్తుండగానే ఆరిపోయాయి.

పరమేష్ పిడికిలి బిగించాడు. ఇంకా గంటా ఇరవై నిమిషాల్లో ఇదే తోటలో భోజనాలు. ఆ గుంపులోనే తాము కాపాడాల్సిన ఉమారాణి.

*

ఆ పొద్దున ఏడింటికి, హాలియా బయట మూతబడ్డ ఓ రైసుమిల్లులో బ్రీఫింగ్ జరిగింది. ఏజెన్సీ డిప్యూటీ డైరెక్టర్ దామోదర్ టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని, ఎగురుతున్న పలుచని తెల్లజుట్టును అరచేత్తో అణచుకుంటూ మాట్లాడాడు.

"హెరాన్ ముఠా. డబ్బు విదేశాలది, చేతులు మనవాళ్లవి. ఒక డ్యామ్ గేట్ల కంట్రోల్ సిస్టమ్‌లోకి దూరారు. ఏ డ్యామో నీకు అనవసరం. ఎలా దూరారో కనిపెట్టింది ఇంజనీర్ ఉమారాణి ఒక్కరే. కాగితం మీద ఏదీ పెట్టలేదు. అంతా ఆమె తలలోనే ఉంది."

"ఆమె పోతే?"

"వానాకాలంలో గేట్లు వాళ్లు తెరుస్తారు. కింద ఎన్ని ఊళ్లున్నాయో లెక్కేసుకో."

ఉమారాణి ఆ రోజు నందికొండ నుంచి ఇంజనీర్ల కుటుంబాలతో కలిసి టూరిస్టు బస్సులో వస్తుంది. తిరుమలగిరి దారిలోని కొండారం గడి చూస్తుంది. రాష్ట్రం వచ్చిన నాలుగేళ్లకు ఆ గడికి సున్నం కొట్టి, తోటలు కొత్తగా నాటి, టికెట్ పెట్టారు. పదింటికి దర్బారు హాలు, పదకొండుకు చీకటి గదిలో దొరల కాలం నాటి ఫొటోల ప్రదర్శన, తర్వాత తోటలు, పన్నెండున్నరకు భోజనం. ఒంటిగంటకు వెనక మైదానంలో హెలికాప్టర్ దిగుతుంది. ఆమెను హైదరాబాద్ తీసుకుపోతుంది.

"ఆమె వస్తున్నట్టు ముందే తెలిసింది ముగ్గురికి," అన్నాడు దామోదర్. "నాకు, బాడీగార్డ్ అమరేందర్‌కు, ముఠాలోకి మనం పంపిన భాగ్యశ్రీకి. నేను రిటైర్డ్ ప్రొఫెసర్‌గా గుంపులో ఉంటాను. నువ్వూ విజేందరూ తోటలో. కోడ్: 'మంద నీళ్లకు పోయిందా?' జవాబు?"

"ఎండ దిగినాక పోతది."

పరమేష్ వేషానికి మేకప్ అక్కర్లేకపోయింది. పుట్టింది గొర్లకాపరుల ఇంట్లోనే. గడి పచ్చికను మిషన్లతో కాకుండా గొర్రెలతో మేపించడం ఇక్కడి ప్రత్యేకత అని గేటు దగ్గర బోర్డు కూడా ఉంది. ఆ మంద పరమేష్ చిన్నాయిన గుర్వయ్యది. పొట్టేలు మెడలోని ఇత్తడి గంటలో కెమెరా అమర్చారు. పరమేష్ చేతికర్ర కొనలో బటన్ నొక్కితే వచ్చే జానెడు కత్తి ఉంది.

*

పొట్టేలు గంటలోని కెమెరా రికార్డింగ్‌ను ఫోన్‌లో తిప్పి చూశాడు పరమేష్. గొంగడి కనిపించింది. మొహం లేదు. నాలుగు సెకన్లు నల్లటి ఉన్ని, అరనిమిషం గడ్డి.

అంతలో గుర్వయ్య వచ్చి హౌజులోంచి తీసిన గొంగడి చూసి నెత్తి బాదుకున్నాడు.

"ఓరి నీ... గిది నా కొత్త గొంగడిరా పర్మేశూ! మొన్ననే చింతగింజల గంజి పెట్టించిన. ఇంక మూడెండలు చూడాలెనని గోడ మీద ఆరేసిన. ఎవడ్రా నీళ్లల్ల ముంచింది? కొత్త గొంగడి ఎవడన్న ముంచుతడా?"

"చిన్నాయినా, ఆడ మనిషి సచ్చిపోయిండు."

గుర్వయ్య బావివైపు చూశాడు. మెల్లగా గొంగడి అంచు పిండాడు. చేతికి తీగలు సాగే జిగురు అంటింది. నానిన చింతగింజల వాసన గుప్పుమంది.

"అంత గంజీ కారిపోతాంది," అని గొణిగాడు. "గీ పొట్టేలు గాడు వాసన వడితె ఇడువడు. గంజి గురిగి కడిగెటప్పుడు మిగిలిందంత వీడే నాకిండు."

పొట్టేలు అప్పటికే గొంగడి కొస నోట్లో పెట్టుకుంది. గుర్వయ్య దాని మూతి మీద ఒక్కటిచ్చాడు.

చెవిలోని ఇయర్‌పీస్‌లో దామోదర్ గొంతు పలికింది. "స్టేటస్?"

"విజేందర్ పోయిండు సార్."

"అది భాగ్యశ్రీ పని. ఫొటోల ప్రదర్శన మధ్యలో ఆమె బయటికి పోయింది. దగ్గరికొస్తే చంపెయ్. నా ఆర్డర్."

విజేందర్ శవాన్ని గొర్రెల దడి వెనకకు చేర్చి, మొహం మీద తన తువ్వాల కప్పి, భాగ్యశ్రీ కోసం దాదాపు గంటసేపు తోటలన్నీ గాలించి, పరమేష్ గులాబీ తోటలోకి నడిచాడు.

*

భాగ్యశ్రీ ఎర్రచీరలో, నల్లకళ్లద్దాలతో గులాబీల మధ్య నిలబడి ఉంది. టూర్ కంపెనీ మేనేజర్. హెరాన్ ముఠా ఆమెను తమ మనిషనుకుంటోంది. ఏజెన్సీ తమ మనిషనుకుంటోంది. ఇద్దరూ ఆమెను పూర్తిగా నమ్మరు.

"మంద నీళ్లకు పోయిందా?" అంది.

పరమేష్ కర్ర కొన ఆమె గొంతుకు ఆనించాడు. కత్తి ఇంకా బయటికి రాలేదు.

"ఫొటోలు చూపేటప్పుడు ఏడికి పోయినవ్?"

"ముఠావాడు ఒకడు తోటమాలి డ్రెస్సుల లోపలికి వచ్చిండు. వాణ్ని చూసేందుకు పోయిన. నన్ను పొడుస్తె పొడువు గని, ముందు నీ ఎన్క చూడు."

పరమేష్ చూడలేదు. పక్కకు దూకాడు. అదే అతన్ని బతికించింది.

చెట్లు కత్తిరించే మూరెడు పొడవు కత్తెర అతని భుజాన్ని చీల్చుకుంటూ పోయి గులాబీ కొమ్మల్లో దిగబడింది. ఎదురుగా ఆరడుగుల మనిషి. ఒంటి మీద తోటమాలి చొక్కా, కాళ్లకు ఖరీదైన బూట్లు. రెండో వేటుకు కత్తెర తెరిచాడు. పరమేష్ వాడి మోకాలి చిప్ప మీద తన్నాడు. ఎముక పటుక్కుమంది. వాడు పడుతూ పరమేష్ జుట్టు పట్టి ముళ్లపొదలోకి ఈడ్చాడు. ముఖమంతా ముళ్లు దిగాయి. ఇనుప వేళ్లు గొంతును బిగించాయి. కళ్ల ముందు తోట నల్లబడుతుండగా పరమేష్ చేతికి కర్ర దొరికింది. బటన్ నొక్కాడు. జానెడు కత్తి వాడి పక్కటెముకల కింద నుంచి పైకి దిగింది.

వాడు పరమేష్ మీద బరువుగా వాలాడు. పళ్లన్నీ ఎర్రగా, నవ్వుతున్నాడు.

"మీరు ఆమె చుట్టూ ఎంత కాపలా కాసుకున్నా దండగే. మేం ఆమెను ముట్టుకోం. ఆమే తొడుక్కుంటది."

ఆ నవ్వు మొహం మీద ఉండగానే ప్రాణం పోయింది.

భాగ్యశ్రీ పరమేష్ మీది శవాన్ని పక్కకు దొర్లించింది. "ఏం తొడుక్కుంటది?"

"నువ్ ఈడికి వచ్చే ముందు ఏం చేసినవ్?"

"సార్ చెప్పిండని ఉమారాణి మేడంకు..." భాగ్యశ్రీ మాట ఆగిపోయింది. కళ్లద్దాలు తీసింది. "బుల్లెట్‌ప్రూఫ్ వెస్టు. అమరేందర్ కారుల నుంచి తెచ్చిండు. బకిల్స్ నేనే పెట్టిన."

ఇయర్‌పీస్‌లో దామోదర్ గొంతు తాపీగా పలికింది. "ఉమారాణి గారికి వెస్ట్ తొడిగించాం. ఇక భయం లేదు. భోజనాలకు కూర్చుంటున్నారు."

టైము పన్నెండూ ఇరవై ఏడు.

పరమేష్ కత్తెర లాక్కుని పరుగు తీశాడు.

*

మోటబావి పక్కన మామిడిచెట్ల కింద బల్లలు వేశారు. గోన సంచులు కప్పి విజేందర్ రక్తం మరకలను ఎవరో అప్పుడే దాచేశారు. సర్వపిండి, తలకాయకూర వాసనలు. ఉమారాణి దూరంగా ఒక్కతే ఓ బల్ల ముందు కూర్చుంది. నలభై దాటిన మనిషి. వదులు చుడీదార్ కింద వెస్ట్ ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. ఉక్కపోతకు ముఖమంతా చెమట. వెనక అమరేందర్. దామోదర్ మాత్రం బావి అవతలి గట్టున నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. గాలికి మామిడాకులు రాలుతున్నాయి. ఆయన జుట్టు మాత్రం దువ్వింది దువ్వినట్టే ఉంది.

ముఖమంతా రక్తంతో, చేతిలో కత్తెరతో దూసుకొస్తున్న గొర్లకాపరిని చూసి ఆడవాళ్లు కేకలు పెట్టారు.

"వాడికి పిచ్చెక్కింది!" దామోదర్ అరిచాడు. "అమరేందర్, షూట్ హిమ్!"

అమరేందర్ పిస్టల్ తీశాడు. గురి పెట్టాడు. పరమేష్ ఆగలేదు.

"కాలిస్తె కాల్చు! ముందు గామె బకిల్ ఇప్పి సూడు!"

అమరేందర్ ఒక్క చేత్తో ఉమారాణి భుజం దగ్గరి బకిల్ లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. తాళం పడ్డట్టు బిగుసుకుపోయింది. అతని ముఖం పాలిపోయింది. పిస్టల్ కిందికి దించాడు.

"అమ్మా, కదలకుండ్రి," అన్నాడు పరమేష్.

"కదిలేంత ఊపిరి కూడా లేదయ్యా, కానివ్వు," అంది ఉమారాణి.

కత్తెర చుడీదార్‌ను, దాని కింది పట్టీని కలిపి కరకరా కోసింది. ఎడమ భుజం. కుడి భుజం. నడుము దగ్గరి పట్టీలో ఉక్కుతీగ ఉంది. పరమేష్ పళ్లు బిగించి నొక్కాడు. భుజం గాయం విచ్చుకుని రక్తం మోచేతి దాకా కారింది. తీగ తెగింది. వెస్ట్‌ను బావిలోకి విసిరి, ఉమారాణిని కిందికి తోసి పైన పడ్డాడు.

బావి పేలింది.

తాటిచెట్టంత నీటిస్తంభం పైకి లేచి, బురదతో, రాళ్లతో తోటంతా కురిసింది. బల్లలు, భోజనాలు, మనుషులు అందరూ తడిసి ముద్దయ్యారు. పొగ తగ్గేసరికి అరుపులు, ఏడుపులు. పరమేష్ కింద నుంచి ఉమారాణి దగ్గింది. బతికే ఉంది.

పరమేష్ లేచాడు. ఎదురుగా ముగ్గురు. వెస్ట్ తెచ్చిన అమరేందర్. బకిల్స్ పెట్టిన భాగ్యశ్రీ. తొడగమని ఆర్డర్ ఇచ్చిన దామోదర్. ముగ్గురి ఒంటి మీదా బావి నీళ్లే.

"భాగ్యశ్రీని అరెస్ట్ చెయ్," దామోదర్ అన్నాడు. గొంతులో వణుకు లేదు.

ఘల్లుమని గంట మోగింది. బెదిరిన గొర్రెల మందలోంచి పొట్టేలు ఒక్కటే విడిపోయి, మూతి ఎత్తి గాలి పీలుస్తూ వచ్చింది. అమరేందర్‌ను దాటింది. భాగ్యశ్రీని దాటింది. ముందరి కాళ్లు దామోదర్ పొట్ట మీద వేసి, మెడ నాకడం మొదలుపెట్టింది.

"ఛీ! తీయండి దీన్ని!"

బురద నీళ్లకు ఆయన జుట్టులో ఆరి గట్టిపడినదేదో కరిగింది. చెవుల వెనక నుంచి తీగలు తీగలుగా జిగురు కారుతోంది. నానిన చింతగింజల వాసన అందరి ముక్కులకూ తగిలింది. హౌజులో నిలువునా మునిగిన మనిషి చొక్కా మార్చుకున్నాడు, ప్యాంటు మార్చుకున్నాడు. కొత్త గొంగడి గంజి తలకెక్కిందని, ఎండకు ఆరి గట్టిపడిందని తెలుసుకోలేకపోయాడు. రైసుమిల్లులో ఫ్యాన్ గాలికి ఎగిరిన జుట్టు, ఇందాక తోటలో గాలికి ఎందుకు కదల్లేదో పరమేష్‌కు ఇప్పుడు అర్థమైంది. విజేందర్ 'మనోడే' అన్నది, ప్రాణం పోగొట్టుకున్నది గొంగడి కింద ఈ మొహాన్ని చూసినందుకే.

గుర్వయ్య దగ్గరికొచ్చి వేలితో ఆ జిగురు తీసి వాసన చూశాడు.

"నా గంజే," అన్నాడు.

దామోదర్ చెయ్యి కోటు లోపలికి పోయింది. సైలెన్సర్ కొన బయటికి వచ్చేలోపే భాగ్యశ్రీ కాల్చింది. తూటా మణికట్టును తునకలు చేసింది. పరమేష్ గుర్వయ్య కర్ర అందుకుని మోకాళ్ల వెనక కొట్టి కింద పడేసి, వీపు మీద మోకాలు పెట్టి, విరిగిన చేతిని వెనక్కి తిప్పి అమరేందర్ ఇచ్చిన సంకెళ్లు వేశాడు. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే తిప్పాడు.

"గిది విజేందర్‌ది," అన్నాడు.

మైదానం మీద హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. ఉమారాణి భుజాన గుర్వయ్య తువ్వాల కప్పుకుని అటు నడిచింది. పరమేష్ రేడియో తీశాడు. హైదరాబాద్ కంట్రోల్ రూమ్‌లో డ్యూటీ ఆపరేటర్ పుష్ప పలికింది.

"మంద నీళ్లకు పోయిందా సార్?"

"పోయింది, మునిగింది, లేసింది. మేడం క్షేమం. లోపలి దొంగ దొరికిండు. పేరు రాసుకో."

"ఒక్క నిమిషం సార్." అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "రూలు ప్రకారం ముందు దామోదర్ సార్‌కు చెప్పి, ఆయన పర్మిషన్ తీసుకున్నాకే పేరు ఎక్కించాలి."

పరమేష్ కిందికి చూశాడు. పొట్టేలు ఇంకా తీరిగ్గా నాకుతూనే ఉంది.

"ఆయనకు చెప్పే పని లేదు పుష్పా. పక్కనే పండుకోని ఇంటాండు. రాసుకో... దామోదర్."