ఆఖరి గది ఫోటో

"ముఖం అలా పెట్టకు. మనం ప్రేమికులం, గుర్తుందా?" అంది చిగుసా, కెమెరా సంచి అతని భుజానికి తగిలిస్తూ.

"ప్రేమికుడి చేత ఇంత బరువు మోయిస్తారా ఎవరైనా?" అన్నాడు రింతారో.

"అసలైనవాళ్ళే మోయిస్తారు. నడు."

ఒసాకాలో వాన దంచికొడుతోంది. ఉన్నది ఒకటే గొడుగు. అందులో సగం కెమెరాకి, సగం చిగుసాకి పోగా రింతారోకి మిగిలింది చువ్వల చివర కారే నీళ్ళే. అయినా అతనికి హాయిగానే ఉంది.

చిగుసా ఫోటోగ్రాఫర్. జంటలు కొన్ని గంటల ఏకాంతం కోసం వచ్చే పాతకాలపు లవ్ హోటళ్ళు ఒక్కొక్కటే మూతపడుతుంటే, వాటిలోని తిరిగే మంచాలనీ, అద్దాల పైకప్పులనీ, పడవలాంటి స్నానాల తొట్లనీ ఫోటోల పుస్తకంగా తెస్తోంది. ఆ పుస్తకానికి పేజీలు దిద్దేది రింతారో. ఇలాంటిచోట ఒంటరిగా వస్తే గది ఇవ్వరనీ, జంటలా కనిపించడానికి తోడు రమ్మనీ వసంతంలో అడిగింది. అప్పట్నుంచి ప్రతి హోటల్‌కీ వస్తున్నాడు. గదిలోకి వెళ్ళాక అతని పనల్లా ఫోటోలో పడకుండా ఏ తెర చాటునో నక్కడమే.

ఇవాళ్టిది ఆఖరి హోటల్. రేపట్నుంచి ఆమెకి తన అవసరం ఉండదు. అందుకే మనసులో మాట ఇవాళ చెప్పి తీరాలనుకున్నాడు. కాదంటుందేమోనన్న భయం లేకపోలేదు గానీ, చెప్పకుండా ఉండిపోవడమంటేనే ఎక్కువ భయం.

లోపల మసక వెలుతురు. కౌంటర్‌కి అడ్డంగా అవతలి మనిషి కనిపించని గరుకు అద్దం, దాని కింద చిన్న కంత. ఇక్కడ పనిచేసేవాళ్ళు వచ్చినవాళ్ళ ముఖాలు చూడరు, చేతులే చూస్తారు. రింతారో సంచి బల్ల మీద దించితే, చిగుసా అందులోంచి కెమెరా తీసింది. కంతలోంచి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి తాళంచెవితో బయటికొచ్చి ఆగిపోయింది.

"ఫోటోల అమ్మాయివేనా?"

"అవును పెద్దమ్మా."

"ఒక్కదాన్నే వస్తానని ఫోన్లో అన్నావు, సరేనన్నాం. మరి ఆ ఇంకో రెండు చేతులెవరివి?"

చిగుసా గబుక్కున తాళంచెవి అందుకుంది.

"ఒంటరిగా వస్తే గది ఇవ్వరన్నావు?" అన్నాడు రింతారో.

"మామూలుగా ఇవ్వరు."

"మరి నీకు?"

"ముందే అడిగితే ఇస్తారు." ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఎన్ని హోటళ్ళు ఇచ్చాయి?"

"అన్నీ."

దుమ్ముపట్టిన తెరల వెనక తుమ్ములు ఆపుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయతనికి. కోపం రావాలి, రాలేదు. పట్టలేనంత సంతోషం వచ్చింది.

"మరి నన్నెందుకు ఈడ్చుకొచ్చావ్?"

"కాఫీకి పిలిస్తే తీరిక లేదన్నావు. పనికి పిలిస్తే పరిగెత్తుకొచ్చావు. నేనేం చెయ్యను?"

"కాఫీ అంటే పేజీల గురించి మాట్లాడ్డానికనుకున్నా!"

"పేజీల గురించి ఆదివారం పూట ఎవరైనా పిలుస్తారా, మొద్దూ?"

రింతారో ఇక ఆగలేదు. "చిగుసా, నువ్వంటే నాకు ప్రేమ. ఈ పుస్తకం మొదలవకముందు నుంచే. ఇది అయిపోయినా నేను వస్తాను. హోటల్‌కని కాదు... అంటే, నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి."

"బాబూ," అంది లోపలి గొంతు, "గుమ్మం బయట ఇంకో జంట వానలో తడుస్తోంది. మీరు కదిలితేగాని సిగ్గుతో లోపలికి రారు. అమ్మాయ్, ఏదో ఒకటి త్వరగా తేల్చెయ్యి."

చిగుసా అతని తడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఔను," అంది, లోపలున్న పెద్దమ్మకీ, బయటున్న జంటకీ కూడా వినపడేలా.