గ్రూపులో లేని ప్రేమలత

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సులు లేక, జగిత్యాల కాలేజీకి పోలేక ప్రేమలత కోరుట్లలో ఇంట్లోనే ఉంటోంది. ఆ ఉదయం రైస్‌మిల్లుకు బయల్దేరుతున్న తండ్రి భూమన్న, ఫోన్ చూసి నవ్వుకుంటున్న కూతుర్ని గమనించాడు. ఫేస్‌బుక్‌లో మగపిల్లల నడుమ ప్రేమలత పేరు కనబడిందని తోటి హమాలీ రాజలింగం నిన్ననే చెప్పాడు. భూమన్న ఒక్క ఉదుటున ఫోన్ లాక్కున్నాడు.

అది క్లాసు గ్రూపని, సార్లు పాఠాలు అందులోనే పెడుతున్నారని చెప్పబోతే విననివ్వలేదు. తల్లి చంద్రవ్వ బతిమాలినా కరగలేదు.

"మొగపోరగాండ్లతోని గదేం సదువు? నా ఇజ్జత్ తియ్యకు," అని ఫోన్ ఆపేసి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

సమ్మె ముగిశాక మొదటి బస్సుకే తండ్రీకూతుళ్లు జగిత్యాల వెళ్లారు. ప్రాక్టికల్ పరీక్ష రెండు రోజుల క్రితమే అయిపోయింది. తేదీ గ్రూపులో పెడితే, మిగతా ఊళ్ల పిల్లలు జీపులు పట్టుకుని వచ్చి రాసిపోయారు. స్నేహితురాళ్లు ఎన్నిసార్లు చేసినా ప్రేమలత ఫోన్ మోగలేదు. ఇక మళ్లీ వచ్చే ఏడాదే.

భూమన్న క్లాసు సారు గదిలోకి వెళ్లి, కూతురికి పరీక్ష పెట్టమని చేతులు జోడించాడు. ఫోన్ లేనివాళ్ల సంగతి తామూ ఆలోచించలేదని సారు తలవంచుకున్నాడు. చదువులో ఫేస్‌బుక్ వాడకంపై సమ్మెకు ముందు విద్యార్థులతో రాయించిన అభిప్రాయాల్లోంచి ప్రేమలత కాగితం తీసి చదివాడు.

"కొందరు ఇది టైంపాస్ అంటున్నారు. క్లాసులో లేచి అడగాలంటే నాకు భయం. గ్రూపులో ధైర్యంగా అడుగుతున్నాను. మా బాపుకు చదువు రాదు. ఆయనకు కూడా ఇందులో నా పాఠం చూపించాలని ఉంది."

భూమన్న బయటికొచ్చి, మెట్ల మీద కూర్చున్న కూతురి పక్కన కూలబడ్డాడు.

"తప్పయింది బిడ్డా."

"గా పొద్దు నా మాట జర ఇంటే గిట్ల కాకపోతుండె గద బాపూ."

ఆ గొంతులో కోపం కూడా లేకపోవడం అతను తట్టుకోలేకపోయాడు. తండ్రి ఏడవగా ప్రేమలత ఎన్నడూ చూడలేదు. చున్నీతో అతని మొహం తుడుస్తూ తనూ ఏడ్చేసింది.

"ఇప్పుడింట," అన్నాడు భూమన్న. "ఏం సదువుతున్నవో నాకు సమజయ్యేటట్టు చెప్పు."

ప్రేమలత చెప్పసాగింది. కోరుట్ల బస్సులు రెండు వెళ్లిపోయాయి. భూమన్న లేవలేదు.