వాన పడితేనే మాట్లాడేవాడు

శివరామయ్యగారూ, శనివారం శనివారం మీ బట్టీలో కూలోళ్ళకి పంచే బెల్లం ముక్క ఉంది చూడండి, ముందు దాని మీద ఉమ్మేసి గానీ ఈ ప్రేమకథ మొదలుపెట్టలేం. దుమ్ము పీల్చినవాడు బెల్లం తింటే దుమ్మంతా కడుపులోకి జారిపోతుందని మీ నాన్న చెప్పాడు, మీరు చెప్పారు, మీ మేస్త్రి హనుమయ్య చెప్పాడు. ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్ము ఏ దోవన కడుపులోకి జారుతుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అడగకుండా చప్పరించినవాళ్ళదీ తప్పే.

పిడుగురాళ్ళలో ఆ సున్నపు బట్టీ దగ్గరే, ఎనభై ఆరో సంవత్సరంలో, నాగేంద్రానికి త్రికోటి మీద ఒళ్ళు మండింది.

నాగేంద్రం సున్నం గోతాల మూతులు కుట్టే పిల్ల. ఇరవై ఏళ్ళు. చేతిలో దబ్బనం, నోట్లో అంతకన్నా పదునైన నాలుక. త్రికోటేశ్వరరావు రాయి కొట్టి బట్టీకి ఎక్కించేవాడు. ఆమెకు వరసకి బావ. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక త్రికోటి అయ్యాడు.

ఒళ్ళు మండక ఏం చేస్తుంది? వాన పడితే అతనొక మనిషి, ఎండ కాస్తే ఇంకో మనిషి.

వాన మొదలైతే బట్టీ దగ్గర పరుగులే పరుగులు. కాల్చిన సున్నం మీద నీళ్ళు పడితే కుతకుతా ఉడికిపోతుంది. అందరూ కలిసి టార్పాలిన్ పట్టా లాగి కప్పాలి. ఈ కొస నాగేంద్రం పట్టుకుంటే ఆ కొస ఎలాగోలా త్రికోటికే దొరికేది.

"ఏం మరదలా, లాగుతున్నది పట్టానా, నన్నా?"

"నిన్ను లాగటానికి చిటికెనవేలు చాలు. ఎముకల మూటవి."

"మూటనైతే మూతి కుట్టెయ్. నీ పనేగా!"

వాన చినుకులు ఆమె కనురెప్పల మీద ఆగితే, అవి ఎప్పుడు రాలతాయా అన్నట్టు చూసేవాడు. ఆమె కావాలనే రెప్ప వేసేది కాదు.

తెల్లారి ఎండ కాసేది. "బావా" అని ఎదురెళితే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని బొగ్గుకుప్ప వెనక్కి పోయేవాడు. ఒక్క మాట ఉండేది కాదు.

"వానకి మొలిచే పుట్టగొడుగువా నువ్వు?" అని ఒకరోజు అందరి ముందూ అరిచింది. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. అతను తిరిగి చూడలేదు.

ఇక ఊరుకోదలచుకోలేదు నాగేంద్రం. ఆ బొగ్గుకుప్ప వెనక ఏ పిల్ల ఉందో తేల్చుకుందామని దబ్బనం గోతానికి గుచ్చి అతని వెనకే వెళ్ళింది.

అక్కడ ఏ పిల్లా లేదు. త్రికోటి మోకాళ్ళ మీద చేతులాన్చి దగ్గుతున్నాడు. గాలి లోపలికి పోతుంటే తుప్పు పట్టిన గేటు తీసినట్టు చప్పుడు. బుగ్గలో బెల్లం.

వాన పడితే దుమ్ము అణుగుతుంది. దుమ్ము అణిగితే దగ్గు అణుగుతుంది. ఆ కాసేపే ఇతనికి మాటలు. నాగేంద్రం అతని ముందుకెళ్ళి నిలబడింది.

"ఎన్నాళ్ళ నించి?"

"రెండేళ్ళు. ఎవురికీ చెప్పమాక."

"ఆసుపత్రికి పోయావా?"

"పోతే క్షయ అంటారు. మా అయ్యనీ అట్టాగే అన్నారు. పోయేదాకా చూరు కిందే కూర్చోబెట్టారు. నేనూ దగ్గరికి పోలేదు నాగేంద్రం. అన్నం కంచం కర్రతో నెట్టాను. ఆయన నవ్వాడు."

"క్షయ అని ఏ డాక్టరు చెప్పాడు?"

"హనుమయ్య మేస్త్రి."

"మేస్త్రా? మేస్త్రి మాటకి మనిషిని చూరు కింద పెట్టారా? సోమవారం నరసరావుపేట పోదాం. పెద్దాసుపత్రికి."

"నేను రాను. క్షయ అని తేలితే మీ అమ్మ నిన్ను నాకిస్తదా?"

నాగేంద్రానికి బుగ్గలు వేడెక్కాయి, కోపం అంతకన్నా వేడిగా ఉంది.

"ఇట్టానా చెప్పేది? బొగ్గుకుప్ప వెనక, దగ్గుతా?"

"మంచి వాన పడ్డప్పుడు చెబుదామనుకున్నా."

"అట్టాగే, చచ్చినాక చెప్పు!"

సోమవారం పొద్దున్నే, కూలోళ్ళంతా పనిలోకి దిగే వేళ, నాగేంద్రం గోతాల గుట్ట మీదికెక్కి నిలబడింది.

"నాకు రెండు నెలల నించి పొద్దున్నే దగ్గొస్తంది. ఇయ్యాళ పని మాని ఆసుపత్రికి పోతున్నా. ఎవురన్నా వస్తారా?"

అబద్ధం కాదు. ఆ దగ్గు ఆ బట్టీలో అందరికీ ఉంది. పైకి అన్నది ఆమె ఒక్కతే.

తల్లి గురవమ్మ చేతిలో గంప జారిపోయింది. "నోర్ముయ్యే! పెళ్ళి కావాల్సిన పిల్లవి."

"అందుకే పోతున్నానమ్మా. పెళ్ళిదాకా బతకాలిగా."

"రెండు ముక్కలు బెల్లం ఎక్కువిస్తాలే, దిగు" అన్నాడు హనుమయ్య.

"నువ్వే తిను బాబాయ్. నీకూ దగ్గేగా!"

నాగేంద్రం ఎక్కిన బస్సు కదిలాక ఎవరో ఫుట్‌బోర్డు మీదికి దూకారు. త్రికోటి. ఊపిరి ఆడక రెండు మైళ్ళు మాట రాలేదు.

"నువ్వట్టా అరిచినాక, ఇంక దాక్కోటానికి చోటేడుందే?" అన్నాడు చివరికి.

ఎక్స్‌రే గదిలో "ఊపిరి బిగబట్టు" అన్నారు. మూడుసార్లూ దగ్గే వచ్చింది. నాలుగోసారి నాగేంద్రం తలుపు దగ్గర నించి కేకేసింది. "బిగబట్టు బావా! నేను తిడుతున్నాననుకో!"

బిగబట్టాడు.

కఫం పరీక్షలకి ఇంకో రెండుసార్లు తిరిగారు. ఆఖరి రోజు డాక్టర్ ప్రేమకుమారి ఫిల్మును కిటికీ వెలుతురుకి పట్టి చూసింది.

"క్షయ లేదు. ఇది రాతి దుమ్ము. పాడైనంత మేరా ఇక బాగుకాదు. దుమ్ములో పని మానేసి మందులు వాడితే మిగిలింది కాపాడుకోవచ్చు. ముందే వచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఈ అమ్మాయిది ఇంకా గొంతులోనే ఉంది, తగ్గిపోతుంది."

"మా అయ్యదీ ఇదేనా అమ్మా?"

"చూడని మనిషి గురించి ఎలా చెప్పను? అయ్యుండొచ్చు."

త్రికోటి అక్కడే ఏడ్చాడు. తన ఊపిరి కోసం కాదు, ఆ కర్ర కోసం.

బస్టాండులో ఎండ మాడ్చేస్తోంది. అయినా ఈసారి ముఖం తిప్పుకోలేదు.

"చేసుకుంటావా నన్ను? సగం ఊపిరే ఉంది."

"సగం చాలు. మాట్లాడేది ఎట్టాగూ నేనేగా!"

గురవమ్మ రెండు రోజులు సణిగింది. మూడో రోజు త్రికోటికి అన్నం వడ్డిస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "అల్లుడూ, ఆ డాక్టరమ్మ నన్ను కూడా చూస్తదా? నాకు ఆరేళ్ళ నించి ఉంది."

మర్నాడు శివరామయ్య కారు బట్టీ గేటు దగ్గర ఆగిపోయింది. అడ్డంగా నాగేంద్రం, పక్కన త్రికోటి, వెనక గురవమ్మ, ఆమె వెనక ముప్పైమంది. ఎవరూ దగ్గు దాచుకోవటం లేదు.

"ఏంది ఇదంతా?" అన్నాడు శివరామయ్య. "చూద్దాంలే, ముందు పక్కకి జరగండి."

"చూసింది చాలు" అంది నాగేంద్రం. "రేపు పొద్దున ఆరింటికి మీ లారీ ఇక్కడుండాలి. అందులో ఎక్కేది సున్నం కాదు, మేము. ఒక్కరు మిగలకుండా ఎక్స్‌రే తీయించాలి. రాయి కొట్టేకాడ నీళ్ళు చల్లించాలి. దుమ్ములో పనికి పోవద్దని డాక్టరమ్మ రాసిచ్చినోళ్ళకి దుమ్ము లేని పని చూపించాలి. ఇవి చేసినాకే బట్టీకి రాయి ఎక్కుద్ది. లారీకి చెప్పండి. ఇప్పుడే!"