తొమ్మిది నత్తల కేసు

ఉదయం 8.40. హోప్ టౌన్‌లో ధనరాజు ఇంటి హాలు. అక్వేరియం అడుగున తొమ్మిది నత్తలు చచ్చి పడి ఉన్నాయి.

ధనరాజు ఫోన్ మీద ఫోన్ చేస్తే వచ్చిన ఎస్.ఐ. జ్ఞానవతి వంగి చూసింది. పదమూడేళ్ల సర్వీసులో నత్తల హత్య ఇదే మొదటిసారి. నవ్వొచ్చింది. గుమ్మం దగ్గర నిలబడ్డ పనిమనిషి ఎరుకమ్మ ముఖం చూసి ఆపుకుంది.

"ఇదే ఫినాయిల్ కలిపింది మేడమ్!" రిటైర్డ్ షిప్ ఇంజనీర్ ధనరాజు ఊగిపోయాడు. "నిన్న తిట్టానని కక్ష. మాఫీ అడిగితే వదిలేస్తానన్నాను. అడగదట!"

"నాను సెయ్యలేదు. మాఫీ అడగను," అంది ఎరుకమ్మ. "ఠాణాకి తీస్కెళ్తారా దీదీ? పదండి."

పొద్దున్నే ఆయన గేటు దగ్గర నిలబడి వీధంతా వినేలా అరిచాడు. ఎరుకమ్మ పనిచేసే మిగతా మూడిళ్లూ ఆ వీధిలోనివే. విషం కలిపిందన్న మనిషిని ఇక ఎవరు వంటింట్లోకి రానిస్తారు? అయినా ఆమె తల దించలేదు. జ్ఞానవతికి ఆ మొండితనం నచ్చింది.

"తొట్టిలో ఇంకేమున్నాయి?"

"చిన్న రొయ్యలు. మొన్నటిదాకా ఫ్లాట్‌వార్మ్స్ కూడా. తెల్లటి పురుగులు, దారం ముక్కల్లా అద్దం నిండా పాకేవి. రొయ్యపిల్లల్ని తినేసేవి."

"ఇప్పుడేవీ?"

"పోయాయి."

"మందేమైనా వేశారా?"

"ఏ మందూ వెయ్యలేదు. ఒట్టు!"

రొయ్యలు నాచు మీద హుషారుగా తిరుగుతున్నాయి. జ్ఞానవతి ఫిల్టర్ స్పాంజి తీసి పిండింది. ఎర్రటి నీళ్లు. వేళ్లకి గోధుమరంగు పొడి అంటింది. వాసన చూసింది.

"ఫినాయిల్ పడితే ముందు చచ్చేది రొయ్యలే. అవి బతికాయి. పురుగులు, నత్తలు పోయాయి. ధనరాజుగారూ, వక్కపొడి ఎప్పుడు వేశారు?"

"అదా? మొన్న సాయంత్రం నాలుగింటికి. మాయాబందర్‌లో మా బావమరిది తోటలోది. పురుగులు పోతాయన్నాడు. అది మందేంటి మేడమ్? రోజూ అన్నం తిన్నాక నమిలేదేగా!"

"కుక్క కడుపులో పురుగులు పడితే మా తాత అదే పెట్టేవాడు. పురుగుల్ని చంపేది మందు కాకపోతే మరేంటి? నత్తలకీ అది విషమే."

ధనరాజు గొంతు తగ్గింది. "సర్లే ఎరుకమ్మా. రేపట్నుంచి మామూలుగా వచ్చెయ్."

ఎరుకమ్మ కదల్లేదు. "ముందు మాఫీ అడగండి సాబ్."

"సరే. మాఫీ."

"ఇక్కడ కాదు. గేటు కాడ. పొద్దున ఎంత గట్టిగా అరిసినారో, అంత గట్టిగా."

ధనరాజు దిక్కుతోచక ఎస్.ఐ. వైపు చూశాడు. జ్ఞానవతి వాచీ చూసుకుంది.

"9.15. వీధిలో జనం ఇంకా ఇళ్లలోనే ఉంటారు," అంటూ తనే వెళ్లి గేటు బార్లా తెరిచింది.